ఎక్కడ ఆగింది?

పిల్లలూ! ఒంట్లో బాగాలేదని వెళితే వైద్యుడు వెంటనే మందు ఇవ్వడు. "ఎప్పటినుంచి? ఆకలి ఉన్నదా? నిద్ర పట్టిందా?" అని వరసగా అడుగుతాడు. నాలుక చూస్తాడు, నాడి చూస్తాడు. ఆ తరవాతగాని చీటీ రాయడు. కాని ఇంట్లో లాప్‌టాపు పలకటం మానేస్తే మనం ఏం చేస్తాం? మీట పదిసార్లు నొక్కుతాం. వీపుమీద రెండు తట్టుతాం. "ఇది చచ్చింది" అని తీర్పు చెప్పేస్తాం. పాపం, లాప్‌టాపుకు నోరు లేదు. అయినా అడగటం తెలిస్తే అదికూడా జవాబు చెబుతుంది. ఎలా అడగాలో చెబుతాను, వినండి.

ముందు, మీట నొక్కగానే లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

మన ఇళ్లలో గోడప్లగ్గుకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. లాప్‌టాపుకు అది పనికిరాదు. దానికి ఒకే దిక్కుగా పారే కరెంటు, అదీ చాలా లాప్‌టాపులకు 19, 20 వోల్టులది, కావాలి. ఈ మార్పు చేసేదే తీగ మధ్యలో ఉండే నల్లపెట్టె.

కరెంటు అందింది. అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. లాప్‌టాపు పని చేసేటప్పుడు వాడుకొనే జ్ఞాపకం, కరెంటు పోగానే అన్నీ మరిచిపోతుంది. అంచేత నిద్ర లేచిన ప్రతిసారీ డిస్కులో ఉన్న విండోస్ వంటి పెద్ద ప్రోగ్రామును మళ్లీ తెచ్చుకోవాలి. అలా తెచ్చుకోవటానికి కూడా ఒక ప్రోగ్రాము కావాలిగదా? మరి దాన్ని ఎవరు తెస్తారు?

పల్లెటూళ్లలో పాత చేతిపంపు కొట్టటం చూశారా? ఎంత కొట్టినా నీళ్లు రాకపోతే పైనుంచి చెంబెడు నీళ్లు పోసి కొడతారు. నీళ్లకోసం నీళ్లు! లాప్‌టాపులోనూ ఇదే ఉపాయం. కరెంటు లేకపోయినా మరిచిపోని ఒక చిన్న చిప్పులో, చెంబెడు నీళ్లలాగా, ఒక చిన్న ప్రోగ్రాము ఉంచుతారు. ముందు అది మేలుకొంటుంది. బడిలో మాస్టారు హాజరు పిలిచినట్టు, "జ్ఞాపకం ఉన్నదా? తెర ఉన్నదా? మీటలపలక ఉన్నదా?" అని పిలుస్తుంది. తరవాత డిస్కును వెతికి పెద్ద ప్రోగ్రామును లేపుతుంది. దీన్నే "బూట్" కావటం అంటారు. తన బూట్ల పట్టీలు పట్టుకొని తన్ను తానే పైకి ఎత్తుకోవటం అనే ఇంగ్లీషు మాటనుంచి ఈ పేరు వచ్చింది.

కరెంటు, హాజరు, తెర, డిస్కు — ఇవి నాలుగు మెట్లు. "ఆన్ కావటంలేదు" అనే ఒక్కమాటవెనక నాలుగు వేరు వేరు జబ్బులు ఉండవచ్చు. ఏ మెట్టుమీద ఆగిందో కనిపెట్టకుండా మందు వెయ్యకూడదు. వేస్తే ఏమవుతుందో మా ఇంటి సంగతే చెబుతాను.

నిరుడు వానాకాలంలో మా మేనకోడలు ఫోను చేసింది. పదోతరగతి చదువుతున్నది.

"మామయ్యా, లాప్‌టాపు ఆన్ కావటంలేదు. అమ్మమ్మ కథలన్నీ అందులోనే ఉన్నాయి!" అన్నది ఏడుపుగొంతుతో.

ఆ అమ్మమ్మ మా అమ్మ. ఆవిడ పోయే ముందటి వేసవిలో ఈ పిల్ల పక్కన కూచుని కథలు చెప్పించుకొని, ఆవిడ గొంతును లాప్‌టాపులో దాచుకొన్నది. ఇంకో ప్రతి ఎక్కడా లేదు. పక్కింటి కుర్రవాడు వచ్చి చూసి, "డిస్కు తుడిచేసి విండోస్ కొత్తగా వేస్తే సరిపోతుంది" అన్నాడట. డిస్కు తుడిస్తే కథలూ పోతాయి!

"దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు. నేను అడిగినవి చూసి చెప్పు. ఒక్కసారికి ఒక్కటే మార్చు," అన్నాను. "గోడప్లగ్గులో కరెంటు ఉన్నదా?"

"ఉన్నదనుకొంటాను."

"అనుకోవద్దు. అక్కడే ఫోను ఛార్జరు పెట్టి చూడు."

ఫోను ఛార్జి అయింది. లాప్‌టాపు తీగ మళ్లీ పెడితే పక్కనున్న చిన్నదీపం వెలిగింది. అంటే మొదటిమెట్టు దాటింది.

"మీట నొక్కి చెవి దగ్గరగా పెట్టు."

"ఫాను తిరుగుతున్నది, మామయ్యా! తెర మాత్రం నల్లగానే ఉన్నది."

"ఒక నిమిషం ఆగి, క్యాప్స్ లాక్ మీట నొక్కు. దాని దీపం ఏమన్నది?"

"వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరింది."

చూశారా! చచ్చిన యంత్రం అలా దీపం వెలిగించి ఆర్పదు. హాజరుకూడా అయిపోయిందన్నమాట. ఇక అనుమానం తెరమీద. గదిలో దీపం ఆర్పి, టార్చిలైటు తెరమీద ఏటవాలుగా వెయ్యమన్నాను. కాసేపు చప్పుడు లేదు. తరవాత ఒక్క కేక వినిపించింది.

"అక్షరాలు! బాగా మసకగా ఉన్నాయి. నా పేరు కనిపిస్తున్నది!"

ఇలాంటి తెరలో బొమ్మకు సొంత వెలుగు ఉండదు. వెనకనుంచి ఒక దీపం వెలుగునిస్తుంది. బొమ్మ ఉన్నది, దీపం ఆరిపోయింది, అంతే! డిస్కు నిక్షేపంగా ఉన్నది. లాప్‌టాపును తీగతో టీవీకి కలిపితే బొమ్మ టీవీలో వచ్చింది. మొదట అమ్మ కథలకు రెండు ప్రతులు తీసి రెండుచోట్ల పెట్టారు. ఆ తరవాతే తెర బాగుచెయ్యటానికి దుకాణానికి పంపారు.

మీ లాప్‌టాపు ఇంకో మెట్టుమీద ఆగవచ్చు. అప్పుడేం చెయ్యాలి?

దీపమే వెలగకపోతే తీగ ఊడదీసి, బ్యాటరీ పైనుంచి తీయటానికి వీలైనదైతే అదీ తీసి, మీటను 30 సెకనులు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిపోయిన కరెంటు ఖాళీ అవుతుంది. మళ్లీ తీగ పెట్టండి. చాలాసార్లు ఈ మాత్రానికే లేస్తుంది. బ్యాటరీ బొత్తిగా ఖాళీ అయి ఉంటే అరగంట ఛార్జి కానిచ్చి చూడండి.

"కుయ్, కుయ్" మని అరిచినా, దీపం ఆగి ఆగి మిణికినా భయపడకండి. ఎన్నిసార్లో లెక్కపెట్టి కాగితంమీద రాసుకోండి. హాజరులో పలకనిది ఎవరో ఆ లెక్క చెబుతుంది. దాని అర్థం తయారుచేసినవాళ్ల పుస్తకంలో ఉంటుంది.

డిస్కు దొరకలేదని తెరమీద అక్షరాలు వస్తే, పెన్‌డ్రైవు ఏదైనా ఉన్నదేమో చూసి తీసెయ్యండి. ఒక్కొక్కసారి యంత్రం విండోస్‌కోసం పాపం దానిలో వెతుకుతూ ఉంటుంది.

చివరిమెట్టుమీద ఆగటంకూడా కద్దు. 2024 జులై 19న ఒక రక్షణ ప్రోగ్రాముకు వచ్చిన తప్పుడు దిద్దుబాటువల్ల ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు లేవబోయి పడిపోయాయి. మైక్రోసాఫ్టు లెక్కలో అవి సుమారు 85 లక్షలు. ఆ రోజు హైదరాబాదులో విమానం ఎక్కేవాళ్లకు చేత్తో రాసిన చీటీలు ఇచ్చారు. ఆ యంత్రాలలో కరెంటు బాగానే ఉన్నది, తెర బాగానే ఉన్నది, డిస్కు బాగానే ఉన్నది. చెడినది ఒక్క ఫైలు. వాటిని "సేఫ్ మోడ్"లో, అంటే అత్యవసరమైన భాగాలతో మాత్రమే లేపి, ఆ ఒక్క ఫైలును తీసేస్తే మళ్లీ నడిచాయి. వాటిని చచ్చాయని పారేసి ఉంటే ఎంత నష్టం!

ఒక జాగ్రత్త. బ్యాటరీ ఉబ్బి అడుగు ఎత్తుగా కనిపిస్తే ఛార్జి పెట్టకండి, నొక్కకండి, పొడవకండి, నిప్పు అంటుకోవచ్చు. పెద్దవాళ్లను పిలవండి. మూత విప్పే పనికూడా పెద్దవాళ్లదే.

ఒకవేళ నిజంగానే యంత్రం పోయినా, చాలా లాప్‌టాపులలో డిస్కును బయటికి తీసి ఇంకో యంత్రంలో చదవవచ్చు. డిస్కుకు రహస్యపు తాళం ఉంటే ఆ తాళపు అంకెలు కావాలి. కాని డిస్కే పోతే? యంత్రం మళ్లీ కొనుక్కోవచ్చు. పోయిన గొంతును ఏ అంగడిలో కొంటాం?

అందుకని లాప్‌టాపు చక్కగా పలుకుతున్నప్పుడే అమ్మనూ నాన్ననూ పక్కన కూచోబెట్టుకొని ఒక ప్రశ్న వేసుకోండి: "ఇందులో ఉన్నవాటిలో మరెక్కడా లేనిది ఏది?" దానికి ఇంకో ప్రతి తీసి వేరే చోట దాచండి. ఆ పని ఇవాళే కానివ్వండి. ఈ పత్రికలో తరవాతి కథ ఎక్కడికీ పోదు!