పాత బండి పరుగు

పెండ్లికి పూర్వము రెండేండ్లు నేను ఉపాధ్యాయినిగా నుంటిని. పిమ్మట ఇరువది యేండ్లు ఇల్లే నా లోకమైనది. గత సంవత్సరము సంసారమున కలిగిన యిబ్బందిచేత మరల ఒక పాఠశాలకు దరఖాస్తు పెట్టితిని. పరీక్షించుటకు పిలిచిన దినమున నా ప్రక్కన కూర్చున్నవారందఱును నా కూతు రీడువారు. వారి యొడిలో కంప్యూటర్లు; నా చేతిలో రంగు వెలిసిన పట్టా. ఆ కొలువు నాకు రాలేదు. ఇంటికి వచ్చి, “పాత బండిని పందెమునకు తోలుకొనిపోయినట్లయినది నా పని” అని వాపోతిని.

మా చిన్నవానికి మోటారు బండ్లన్న వెఱ్ఱి. వాడు నవ్వి, “పాత బండి గెలవదని నీకెవరు చెప్పారమ్మా?” అని ఒక కథ యెత్తుకొనెను. నన్నోదార్చుటకు కల్పించినాడనుకొంటిని. తరువాత వాని పుస్తకములు నేనును చదివి, నిజమేనని తెలిసికొంటిని.

ఫ్రాన్సు దేశమున డెలాజ్ అను కంపెనీవారు ఆల్బేర్ లోరీ అను ఇంజనీరుచేత 1926లో ఒక పందెపు బండిని చేయించిరి. దాని ఇంజను ఒకటిన్నర లీటరుది మాత్రమే. అయినను అందు 8 సిలిండర్లు వరుసగా నమరి, నిమిషమునకు 8000 చుట్లు తిరుగుచు, సుమారు 170 గుఱ్ఱముల బలము నిచ్చెడివి. మొదటి యేట పొగగొట్టము నడపువాని ప్రక్కగా పోవుటచేత పాదములు కాలి బొబ్బలెక్కెను. లోరీ మఱుసటి యేట ఆ గొట్టమును రెండవవైపునకు మార్చెను. అంతట 1927లో రొబేర్ బెన్వా అను వీరుడు ఆ బండితో ఫ్రాన్సు, స్పెయిను, ఇటలీ, ఇంగ్లండు దేశముల గ్రాండ్ ప్రీ పందెములు నాలుగును గెలిచెను. తరువాత కంపెనీవారు పందెములు మానిరి. బండ్లు చేతులు మాఱెను.

తొమ్మిదేండ్లు గడచినవి. ఆ తరగతి పందెములలో ఇంగ్లండున ఈ.ఆర్.ఏ. బండ్లు, ఇటలీలో మాసెరాటీలు ముందుండెను. అట్టి 1936లో, 23 ఏండ్ల ఆంగ్ల యువకుడు రిచర్డ్ సీమన్ లార్డ్ హౌ అను పందెగాని యొద్ద నుండి ఒక పాత డెలాజ్ బండిని కొనెను. అంతకు ముందటి యేట అతడు నడపినది కొత్త ఈ.ఆర్.ఏ. బండినే! అతని పందెములకు ధనము సమకూర్చుచుండినది తల్లి లిలియన్.

బండిని విప్పి తిరిగి కట్టినవాడు జూలియో రాంపోనీ అను ఇటలీ దేశపు మెకానిక్కు. అతడు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. ఇంజను పాతదని పాఱవేయలేదు. శుభ్రపఱచి, సవరించి, దాని బలమును ఇంచుక పెంచెను. ఎక్కడ అనవసరమైన బరువున్నదో అక్కడ తగ్గించెను. పాత బ్రేకులు కాలమునకు చాలవని గ్రహించి, ద్రవపు ఒత్తిడితో పనిచేయు కొత్త బ్రేకులు పెట్టెను. ఏది చెడినది, ఏది చెడలేదు అని వేఱుచేసి చూచుటయే అతని నేర్పు.

ఆ యేడు మే నెలలో మాన్ ద్వీపమున జరిగిన పందెమును సీమన్ గెలిచెను. ఆగస్టులో ఇటలీలోని పెస్కారా, స్విట్జర్లాండులోని బెర్న్, ఇంగ్లండులోని డానింగ్టన్, ఈ మూడుచోట్లను రెండేసి వారములైనను గడువక మునుపే వరుసగా గెలిచెను. కొత్త బండ్లు వెనుకబడినవి.

“తరువాత ఆ పిల్లవాడేమైనాడు?” అని అడిగితిని. తల్లిని గదా! మా వాడు కొంత తడసి చెప్పెను. సీమన్ జర్మనులైన మెర్సిడెస్ వారి జట్టులో చేరి, 1938లో జర్మనీ గ్రాండ్ ప్రీ గెలిచెను. 1939లో బెల్జియమున స్పా పందెములో ప్రమాదమునకు లోనై 26వ యేట మరణించెను. డబ్బిచ్చిన ఆ తల్లిని తలచి నా కన్ను చెమర్చినది.

బండి కథ అక్కడితో ముగియలేదు. సీమన్ పిమ్మట దానిని సయాం దేశపు రాకుమారుడు చులా, తన బంధువైన బీరా నడపుటకై కొనెను. మఱింత నవీనము చేయవలెనని కొత్త చట్రమును, ముందు చక్రములకు కొత్త అమరికను చేయించెను. ధనము విశేషముగా వ్యయమైనది గాని, ఆశించిన జయము చేకూరలేదు.

ఆ రాత్రి నేనొక కాగితము తీసి రెండు వరుసలు వ్రాసికొంటిని: మార్చవలసినవి, మార్చరానివి. మొదటి వరుసలో కంప్యూటరు, నేటి పాఠ్యపుస్తకములు, “మా కాలములో” అను నా ఊతపదము చేరినవి. రెండవ వరుసలో ఏమి వ్రాయుదునా యని చాలసేపు చింతించితిని. తుదకు వ్రాసితిని: ఆకలితో వచ్చిన బిడ్డను ముఖము చూచి పోల్చుట, ఒకే మాటను పదిమార్లు విసుగక చెప్పుట. ఇవి పట్టా నేర్పినవి కావు, ఇల్లు నేర్పినవి. ఇరువది యేండ్లు షెడ్డులో పడియుంటిననుకొంటిని గాని, ఇంజను తిరుగుచునే యున్నది.

మూడు నెలలు మా చిన్నవాని యొద్దనే కంప్యూటరు నేర్చికొని, వేఱొక చిన్న పాఠశాలకు పోయితిని. ఇప్పుడు మూడవ తరగతి నాది. మార్కులు కంప్యూటరులో నెక్కించుటకు ఇతరులకన్న నాకు రెండింతలు కాలము పట్టును. కాని ఏ బిడ్డ పలుకక కూర్చున్నను వానిని నా యొద్దకే పంపుచున్నారు.