రీసెట్ కొట్టేస్తే పోలా!

"రీసెట్ కొట్టేస్తే పోలా!" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. సైటు నెమ్మదిగా తెరుచుకుంటోందా, రీసెట్. మొదటి పేజీలో మెనూ రెండుసార్లు కనబడుతోందా, రీసెట్. ఎవరో ఎప్పుడో పెట్టిన ప్లగిన్ ఎందుకుందో ఇప్పుడున్నవాళ్ళకి తెలియదా, దానికీ రీసెట్టే మందు. ఆ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పని తెలిసిన పిల్లలు, చురుకైనవాళ్ళు, చాలామంది డబ్బు కూడా ఆశించకుండా చేసిపెడతారు. అందుకే వాళ్ళకి అడ్డు చెప్పడం మరీ కష్టం.

నేను చెప్పేది చిన్న సైట్ల సంగతి. ఊరి సాహితీ సంస్థలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, నాటక సమాజాలు నడుపుకునేవి. వాటిలో నేనెరిగినవన్నీ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీదే ఉన్నాయి. ఆ వర్డ్‌ప్రెస్ పుట్టుకే చూడండి. 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి దాన్ని మొదలుపెట్టినప్పుడు ఖాళీ కాగితం ముందేసుకుని కూర్చోలేదు. రాసినాయన పట్టించుకోవడం మానేసిన 'బీ2' అనే సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని, ఉన్నదాన్నే బాగుచేసుకుంటూ వచ్చారు. అలా పుట్టిన వస్తువు మీద కూర్చుని అన్నీ చెరిపేద్దామనడం నాకు మింగుడుపడదు.

పోనీ చెరిపేశాక మిగిలేది శుభ్రమైన ఖాళీయా అంటే అదీ కాదు. కొత్త వర్డ్‌ప్రెస్ డేటాబేసులో పుట్టుకతోనే 12 పట్టికలుంటాయి. వాటిలో ఒకటి పాతకాలపు లింకుల జాబితా కోసం పెట్టింది. ఆ సదుపాయాన్ని 2012లోనే తెర వెనక్కి నెట్టారు గానీ పట్టిక మాత్రం ప్రతి కొత్త సైటులోనూ పుడుతూనే వచ్చింది. 'హలో వరల్డ్' అని ఒక టపా, నమూనాకి ఒక పేజీ. ఏళ్ళ తరబడి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాట పేరుతో 'హలో డాలీ' అనే ప్లగిన్ కూడా వాటి పక్కనే వచ్చేది. మన సామాను బయటపడేసి ఇంకొకరి సామాను మధ్య నిలబడడాన్నే శుభ్రం అంటున్నాం.

రీసెట్ అవసరమే పడదని నేననను. సైటులోకి దొంగ కోడ్ జొరబడితేనో, అమ్మకానికొచ్చే థీములతో పాటు వచ్చే నమూనా పేజీలన్నీ దిగుమతై కలగాపులగమైతేనో పడుతుంది. కానీ వర్డ్‌ప్రెస్‌లో సొంతంగా రీసెట్ బటన్ లేదు. అది లేకపోవడంలో విజ్ఞత ఉందని నా గట్టి నమ్మకం. దానికోసం వేరే ప్లగిన్ తెచ్చుకోవాలి. సాధారణంగా వాడే ప్లగిన్ చేసేది ఇది: రచనలు, పేజీలు, రీసెట్ చేసేవారిది తప్ప మిగతా వాడుకరుల ఖాతాలు, దాదాపు అమరికలన్నీ డేటాబేసులోంచి తుడిచిపెడుతుంది. ఫొటోల ఫైళ్ళ జోలికి మాత్రం పోదు. అవి అప్‌లోడ్స్ ఫోల్డర్లో ఏడాదివారీగా, నెలవారీగా అలాగే పడి ఉంటాయి. అవి తనవేనని మాత్రం సైటుకి ఇక తెలియదు.

తెనాలి వైపు ఒక నాటక సమాజానికి అలాంటి సైటు ఉండేది. పరిషత్తు పోటీల నుంచి తెచ్చుకున్న బహుమతుల బొమ్మలు, పౌరాణికాల ఫొటోలు, 'కన్యాశుల్కం' ప్రదర్శన ఫొటోలు ఎక్కించారు. వాటికి విలువ తెచ్చింది ఫొటోగ్రాఫర్ కాదు, సమాజానికి దశాబ్దాలపాటు మేకప్ వేసిన పెద్దాయన. అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. పెట్టుడు మీసం వెనక ఏ ముఖం ఉందో చెప్పగలిగింది ఆయనొక్కరే. ఆ మీసం అంటించింది ఆయనే కదా! సాయంత్రాలు కూర్చుని, "ఇతను మనూళ్ళో పోస్టుమాస్టరు, ఆ రోజు జ్వరంతో వేశాడు; ఆ పక్కనున్నావిడ గుడివాడ నుంచి వచ్చేది, పద్యం ఎత్తుకుంటే వెనక వరసకి మైకు అక్కర్లేదు" అని చెబుతుంటే ఆయన మనవరాలు ప్రతి ఫొటో కిందా ఆ మాటలే టైపు చేసింది. తాతగారి మాటతీరు ఎక్కడా చెడకుండా చేసింది. నాకు తెలిసి ఆ ప్రాంతపు రంగస్థలం గురించి అంత నిండైన రాత ఇంకొకటి లేదు.

మాస్టారు పోయిన తర్వాత సైటును కొత్తగా చేద్దామని ఒక కుర్రాడికి అప్పగించారు. "బ్యాకప్ తీశావా నాయనా?" అని సమాజం కార్యదర్శి అడిగితే, "తీశానండీ, ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి" అన్నాడు కుర్రాడు, రీసెట్ కొట్టేశాడు. నిజమే చెప్పాడు, ఫొటోలన్నీ ఉన్నాయి. ఫొటో ఉండేది ఫోల్డర్లో, ఫొటో కింద రాసిన మాట ఉండేది డేటాబేసులో. ముఖాలు మిగిలాయి, పేర్లు పోయాయి. ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా నాకు కోపం తగ్గదు. ఆ కుర్రాడి మీద కన్నా, ఈ రెండు ముక్కల సంగతి అతనికి నేర్పకుండా పనిలోకి దింపిన శిక్షణ మీద ఎక్కువ కోపం.

ఇంకొందరు ఎగుమతి మెనూలోంచి ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు దించుకుని అదే బ్యాకప్ అనుకుంటారు. అందులో రచనలుంటాయి, ఫొటోల చిరునామాలుంటాయి, ఫొటోలుండవు. శుభలేఖ మీద కల్యాణమండపం చిరునామా ఉంటే భోజనం విస్తట్లోకి వచ్చేసినట్టు కాదు. తిరిగి దిగుమతి చేసేటప్పుడు ఆ ఫైలు పాత సైటు దగ్గరికే వెళ్ళి ఫొటోలు తెచ్చుకోవాలి. అప్పటికి పాత సైటు ఉంటేగా!

కనుక ఫైళ్ళూ డేటాబేసూ రెండూ తీయాలి. తీసినవాటిని సర్వర్ ఉన్న చోట కాక ఇంకోచోట దాచాలి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం తగలబడినప్పుడు, సైటూ బ్యాకప్పూ ఒకే ప్రాంగణంలో పెట్టుకున్నవాళ్ళకి రెండూ పోయాయి.

అన్నిటికన్నా ముఖ్యం, దాచినదాన్ని రీసెట్‌కి ముందే వేరేచోట నిలబెట్టి చూడాలి. దీని గురించి నేను గంటలసేపు చెప్పగలను, చెబుతాను కూడా. గిట్‌ల్యాబ్ లాంటి నిపుణుల సంస్థలో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు వేరే సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీదున్న డేటాబేసును తుడిచేశాడు. గుర్తించి ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌కి వాళ్ళ దగ్గర ఐదు దారులుండేవి, ఒక్కటీ ఆదుకోలేదు. రోజూ జరగాల్సిన ఒక బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళు కూడా చేరలేదు. ఎవరో వేరే పని కోసం ఆరుగంటల ముందు తీసిపెట్టుకున్న నకలు ఉండబట్టి బయటపడ్డారు. ఆ బ్యాకప్‌లలో ఒక్కదాన్ని ఎవరైనా ఒకసారి తెరిచి చూసి ఉంటే లోపం ఆ రోజే తేలిపోయేది.

తెరిచి చూడడంలోనూ ఒక చిక్కుంది. వేరే చిరునామాలో నిలబెట్టాలంటే డేటాబేసులో పాత చిరునామా ఉన్నచోటల్లా మార్చాలి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి అన్నీ ఒక్క దెబ్బతో మార్చేస్తే అమరికలు చెడిపోతాయి. వర్డ్‌ప్రెస్ చాలా అమరికలను పొడవుతో సహా రాసుకుంటుంది. 'తెలుగు' అనే మాట మన కంటికి మూడు అక్షరాలు, దాని లెక్కలో 18 బైట్లు. మాట మార్చి అంకె మార్చకపోతే ఆ వరస మొత్తాన్ని చదవడం మానేస్తుంది. ఈ లెక్క చూసుకుంటూ మార్చే పనిముట్లు ఉచితంగానే దొరుకుతాయి, అవి వాడాలి.

ఇక పోయిన మాటల కోసం ఆ నాటక సమాజం పాత సైటును వేబ్యాక్ మెషీన్‌లో వెతికాం. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళది అది. ప్రపంచంలో ఎవరూ అడక్కుండానే పేజీలు దాచిపెట్టిన ఆ సంస్థకి మనం ఎంతో రుణపడి ఉన్నాం. మొదటి పేజీ దొరికింది, ఒకటి రెండు ఆల్బములు దొరికాయి, 'కన్యాశుల్కం' ఆల్బం దొరకలేదు. అప్పుడు కార్యదర్శిగారికి నటుల పేర్లు అచ్చయిన వార్షికోత్సవాల సావనీర్లు గుర్తొచ్చాయి. పుస్తకాలు చెదలు తిన్నాయి గానీ డీటీపీ చేసిన సీడీలు బీరువాలో ఉన్నాయి.

తెరిస్తే అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళు, అను ఫాంట్లలో. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో అవి తెలుగులా కనబడవు, ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ చుక్కలూ కలిసిన గజిబిజిగా కనబడతాయి. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉంది. అయినా ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మన అచ్చు పని పాత ఫాంట్లలోనే సాగింది, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు రాదు గనక. కొన్ని దినపత్రికల సైట్లు కూడా ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకున్నాయి. ఆనాడు ఇష్టపడి దాచుకున్న ఆదివారం కథల పేజీలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, ఒక్క వాక్యం చదవలేను. 1998లో మొదలైన 'ఈమాట' వెబ్ పత్రిక పాత సంచికలు ఇవాళ హాయిగా యూనికోడ్‌లో చదువుకుంటున్నామంటే, ఎవరో కూర్చుని వాటిని ఓపిగ్గా మార్చారు కాబట్టే. అలాంటి పని చేసినవాళ్ళకి సన్మానాలు జరగవు. జరగాలి.

పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. అవి వత్తుల దగ్గర, ముఖ్యంగా క్రారవడి దగ్గర తడబడతాయి. పేర్ల జాబితాలో ఆ తడబాటు కుదరదు. అందుకని తెనాలిలో ఇంకా పాత పేజ్‌మేకర్ ఉంచుకున్న డీటీపీ ఆయన్ని పట్టుకున్నాం. ఆయన తెరమీద చదువుతుంటే మాస్టారి మనవరాలు యూనికోడ్‌లో కొడుతోంది. ఎదురుగా ఫొటోలు పెట్టుకున్నాం. గిరీశం వేసిందెవరో తేలింది, అగ్నిహోత్రావధానులు తేలాడు. మధురవాణి వేషం కట్టినవాళ్ళ పేరున్న పుట ఇంకో సీడీలో ఉండాలి, గీతలు పడిన ఆ సీడీని చదవగల డ్రైవు కోసం విజయవాడలో అడిగిస్తున్నాం.