వేచివుండటం నేర్పిన చదువు

పరిశోధన పట్టా పుచ్చుకున్నవారిని అభినందించడానికి చాలామంది వస్తారు. ఆ పట్టా కోసం వెచ్చించిన సంవత్సరాలు ఎలా గడిచాయని అడిగేవారు అరుదు. అణుజీవశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం వంటి విషయాలలో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడమూ సులభం కాదు. అక్కడ విద్యార్థి కాలంలో అధికభాగం చదవడంలో గాక, వేచివుండటంలో గడుస్తుంది.

1988లో ఎమ్మెస్సీ ముగించి నేను ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థినిగా చేరాను. నాకు అప్పగించిన జీవి ఎశ్చరీషియా కోలై. మన పేగులలో నివసించే ఈ బాక్టీరియా మంచి పోషకద్రవంలో, 37 డిగ్రీల వేడిమిలో సుమారు 20 నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. సాయంత్రం గాజుపళ్లెం మీద పలుచగా పరిస్తే, మరునాటి ఉదయానికి ఒక్కొక్క కణమూ ఆవగింజంత చుక్కగా కంటికి కనిపిస్తుంది. ఆ చుక్కలోని కోట్లాది కణాలూ ఒకే తల్లి సంతానం. జన్యువుల రహస్యాలెన్నో మానవుడికి మొదట తెలిసినది ఈ అల్పజీవి ద్వారానే.

ఆ పళ్లెంలో గట్టిపడే పదార్థం అగార్. 1880ల ఆరంభంలో రాబర్ట్ కాక్ వద్ద పనిచేసిన వాల్టర్ హెస్సె అనే వైద్యుడికి జెలటిన్ వేడికి కరిగిపోవడం పెద్ద సమస్య అయింది. అప్పుడు ఆయన భార్య ఫానీ, తాను వంటింట్లో వాడే సముద్రపు నాచు సారాన్ని సూచించింది. నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది అదే. ఈ కథా, 15 పౌన్ల ఒత్తిడితో 121 డిగ్రీల ఆవిరి పుట్టించే మా ఆటోక్లేవు సంగతీ విని, "అయితే మీదీ వంటేనన్నమాట! ప్రెషర్ కుక్కరు కాస్త పెద్దది, అంతే" అంది మా అమ్మ.

అతినీలలోహిత కిరణాల వల్ల జన్యుపదార్థానికి కలిగిన గాయాన్ని కణం ఎలా మాన్పుకుంటుందో తెలుసుకోవడం నా పని. అందుకు, ఆ గాయాన్ని మాన్పుకోలేని ఉత్పరివర్తనాలను వెదకాలి. పళ్లెం మీది చుక్కలను మఖమల్ గుడ్డతో అద్ది మరొక పళ్లెంలోకి అచ్చు దింపుతాము. అచ్చును మాత్రమే కిరణాలకు గురిచేసి, దానిలో ఏ చుక్క లేవలేదో చూసి, దాని జతను మొదటి పళ్లెంలో పట్టుకుంటాము. ఇది లెడర్‌బర్గ్ దంపతులు 1952లో ప్రకటించిన పద్ధతి. వేల చుక్కలు గాలించగా మూడేళ్లకు 63 లభించాయి. వాటిని గ్లిసరాలు కలిపి, సున్నాకు 70 డిగ్రీల దిగువన ఉండే శీతల పేటికలో భద్రపరిచాము.

నాన్నగారు విశ్రాంత ఉపాధ్యాయులు. ప్రతి ఉత్తరం చివరా, "నీ పని ఎంతవరకు వచ్చినదమ్మా?" అని ఒకే వాక్యం వ్రాసేవారు. ఆ వాక్యం వెనుక ఇరుగుపొరుగుల ప్రశ్నలూ, వెనుదిరిగిన పెళ్లి సంబంధాలూ ఉన్నాయని నాకు తెలుసు. ఉపకారవేతనం ఐదేళ్లకే పరిమితం.

1991 వేసవి సెలవులలో ఆ పేటిక యంత్రం కాలిపోయింది. తలుపు తెరిచేసరికి మంచు కరిగి, గొట్టాలన్నీ నీటిలో తేలుతున్నాయి. చీటీల మీది సిరా కొట్టుకుపోయింది. కొన్ని జీవులు బ్రతికే ఉండవచ్చు. కాని ఏది ఏదో చెప్పలేనప్పుడు అవి ఉండీ లేనట్టే.

మా ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పెద్దాయన ఒకరుండేవారు. ఆయనను అందరమూ బాబాయిగారనే వాళ్లం. ఆయన ఏమీ మాట్లాడక, చీకటి బీరువాలోంచి ఒక చెక్కపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. అందులో చిటికెన వేలంత సీసాలు. మెత్తని అగార్‌లో సూదితో పొడిచి నాటిన నా జీవులవి. ఒక్కొక్కదాని మీద పెన్సిలుతో వ్రాసిన సంఖ్య.

"ఇవి ఎప్పుడు చేశారు, బాబాయిగారూ?"

"మీరు పెట్టెలో దాచిన రోజునే, అమ్మా. పాత ప్రొఫెసరుగారు నేర్పిన పని. కరెంటును నమ్మి ప్రాణం దాచుకుంటామా?"

ఆ వారమంతా నాటి చూశాను. 63లో 52 లేచాయి. ఒక్కొక్కదానినీ తిరిగి కిరణాలతో పరీక్షించి, సంఖ్యలు సరిపోయాయని తేల్చుకోవడానికి మరి నాలుగు నెలలు పట్టింది. వాటి మీదనే నా సిద్ధాంత గ్రంథం నిలిచింది. 1994లో పట్టా వచ్చింది. గ్రంథం చేతికివ్వగానే నాన్నగారు కృతజ్ఞతల పుట తిప్పి, బాబాయిగారి పేరు చూసి, "ఈయన ఏ శాఖాధిపతి?" అని అడిగారు. చెప్పాను. ఆ పుట మరొకసారి చదివారు.

శంభునాథ్ డే 1959లో కలకత్తాలో, కుందేలు పేగుపై చేసిన ప్రయోగాలతో, కలరా విషపదార్థం ఉన్నదని నిరూపించారు. ఖరీదైన పరికరాలు లేకుండానే అది సాధ్యమైంది. నిజమే, కాని అటువంటి పనుల వెనుక సీసాలు కడిగి, పళ్లెాలు పోసి, నకళ్లు దాచిన చేతులెన్నో ఉంటాయి. వాటి పేర్లు పత్రికలకెక్కవు.

నేడు నా వద్ద చేరే విద్యార్థులకు జన్యుక్రమం చదివే యంత్రాలున్నాయి. మాకు నెలలు పట్టిన పని వారికి రోజులలో ముగుస్తుంది. అయినా మొదటివారం వారికి రెండు పనులు తప్పవు. మెత్తని అగార్‌లో సూదితో నాటడం, సీసా మీద పెన్సిలుతో వ్రాయడం. మీ ఇంటి బిడ్డ ఎవరైనా ఈ చదువుకు వెళితే, ఎప్పుడు ముగుస్తుందని ఉత్తరం చివర అడగకండి. ఈరోజు పళ్లెంలో ఏమి లేచిందని అడగండి.