అమ్మ వాషింగ్ మిషన్

"ఇంకెన్నాళ్లమ్మా దీంతో? పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నాను.

"వీధిలో మెట్లబావి చెత్తతో పూడిపోతే మనమే ముక్కు మూసుకుని పోయేవాళ్లం. దాన్నే 2022లో బాగుచేసి నీళ్లు చూపించారు. ఇదెంత?" అంది అమ్మ. బన్సీలాల్‌పేటలో ఇప్పుడు ఎవరు వాదించినా ఆ బావినే సాక్ష్యానికి పిలుస్తారు!

1991లో నాన్న వాయిదాల మీద కొన్న సెమీ ఆటోమేటిక్ అది. రెండు తొట్లు. ఒకదాంట్లో ఉతుకు, రెండోది డ్రయ్యర్. పేరుకే డ్రయ్యర్, అది గిరగిరా తిరిగి నీళ్లు పిండుతుందంతే. బట్టలు ఆరేది దండెం మీదే.

అమ్మ పట్టుదలకు నాన్న జ్ఞాపకం ఒక్కటే కారణం కాదు. మాకు నల్లా రోజు విడిచి రోజు. పూర్తి ఆటోమేటిక్‌కి కుళాయిలో ధార ఉండాలి. దీనికి బకెట్‌తో పోస్తే చాలు. తెల్లబట్టల సబ్బునీళ్లలోనే రంగుబట్టలు, ఆపైన కాళ్లపట్టాలు. జాడించిన నీళ్లు వాకిలి కడగడానికి.

పోయిన నెల మోటారు మూలిగింది, తిరగలేదు. కెపాసిటర్ పోయిందన్నాడు ఎలక్ట్రీషియన్. ప్లగ్గు పీకినా అందులో కరెంటు నిలిచి ఉంటుందట. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. బెల్టు కూడా పగుళ్లిచ్చింది. అతను వెనక రేకు విప్పి నా చేతికిచ్చాడు.

లోపలివైపు నాన్న పెన్సిలు రాత. బెల్టు నంబరు, దాని కింద మార్చిన తేదీలు. చివరిది ఆయన పోయిన ఏడాదిదే.

ఆ నంబరు చీటీ మీద రాసుకుని రాణిగంజ్ వెళ్లాను. మూడో కొట్లో దొరికింది. రేకు బిగించేముందు అమ్మ పెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టింది.