అతుక్కున్నది ఎవరి గొప్ప?

2023 నవంబరులో మా ఒర్లియంపేటలో వారం రోజులు ఎడతెరిపి లేని వాన. పెరట్లో కుళాయి దగ్గర నాచు పట్టింది. అమ్మ బిందె దించబోయి జారింది. ఎత్తు మీంచేమీ పడలేదు, నిలుచున్న మనిషి నిలుచున్నట్టే కూలబడి కుడి చెయ్యి నేలకి ఆనించింది, అంతే. నేను పరిగెత్తుకొచ్చి చూసేసరికి మణికట్టు గరిటె కాడలా వంగిపోయి ఉంది.

మాది యానాం. ఉద్యోగం పుదుచ్చేరిలో కాబట్టి పదహారేళ్ళుగా ఇక్కడే అద్దె ఇళ్ళల్లో ఉంటున్నాం. ఒకటే ప్రభుత్వం, మధ్యలో ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు. ఫోన్‌కి మాత్రం దూరం లేదు కదా, అరగంటలో పిన్ని లైన్లోకి వచ్చేసింది. "ఆస్పత్రికి తీసికెళ్ళకురా, కోసి రాడ్లేస్తారు. పుత్తూరు కట్టు కట్టించు" అంది. పక్కింటి ఆటో అతనూ అదే మాట, తమిళంలో. ఆ బోర్డు మా వీధికి రెండు సందుల అవతలే ఉంది. అసలు పుత్తూరు తిరుపతి దగ్గర, చెన్నై పోయే దారిలో ఉన్న ఊరు. కానీ ఆ పేరుతో బోర్డులు తెలుగుదేశంలోనూ తమిళదేశంలోనూ ఎక్కడ పడితే అక్కడ కనబడతాయి. ఏదో పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ. వేటాడి తెచ్చిన కుందేలుని ఏవో ఆకుల్లో చుడితే అది లేచి పరిగెత్తిందని దీని పుట్టుకకి ఒక కథ కూడా చెప్పుకుంటారు.

నేను హేతువాదిని. కథలకి లొంగను. అమ్మని సర్కారు ఆస్పత్రికే తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి, వంకర సరిచేసి పిండికట్టు వేశారు. ఆరు వారాలు.

ఇక్కడితో అయిపోతే ఇది మామూలు విజయగాథే. కానీ ఆ నెలలోనే ఆటో అతను వానలో బండి స్కిడ్ అయి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. అతను కట్టుకే వెళ్ళాడు. సంక్రాంతికల్లా ఇద్దరి చేతులూ అతుక్కున్నాయి. అమ్మ పెద్దగా చదువుకోలేదు గానీ వాదనలో నన్ను మించింది. అరుగు మీద కూర్చుని అడిగింది: "ఏరా, అతనిదీ అతుక్కుంది, నాదీ అతుక్కుంది. అతను కొబ్బరికాయ కొట్టాడు, నువ్వు కొట్టలేదు. ఇంతకీ నీ సైన్సు చేసిందేంటి?"

నవ్వేసి తప్పించుకోవచ్చు. కానీ అది సరైన ప్రశ్న. సమావేశాల్లో మనం బాబాల్ని అడిగే ప్రశ్న కూడా అదే కదా, నువ్వు చెయ్యకపోతే జరిగేది కాదా అని.

నిజం చెప్పాలంటే ఎముకని అతికించింది పసరూ కాదు, పిండీ కాదు. విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డలోకి కొత్త రక్తనాళాలు, కణాలు వచ్చి చేరతాయి. రెండు మూడు వారాల్లో మెత్తటి మృదులాస్థి వంతెన కడతాయి, తర్వాత దాని మీద కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి ఒక జాతి కణాలు అక్కర్లేని ఎముకని తొలుస్తుంటే ఇంకో జాతి కణాలు కావలసిన చోట కొత్తది పోస్తుంటాయి. విరక్కపోయినా ఈ పని ఆగదు. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. చచ్చిన కొయ్యలా కనబడే ఎముక అసలు కొయ్యే కాదన్నమాట. కట్టేవాడు ఎవరైనా కదలకుండా పట్టుకోవడం, ముక్కల్ని వరసలో ఉంచడం, రక్తం ఆగిపోయేంత బిగించకపోవడం, ఇంతే చెయ్యగలిగేది. బిగించి కట్టి వేళ్ళు నల్లబడ్డ కేసులు వైద్య గ్రంథాల నిండా ఉన్నాయి, అది నిజమే. కానీ మా పక్కింటాయనకి అలా జరగలేదు. ఆటో హ్యాండిల్ తిప్పేటప్పుడు కొంచెం పీకుతుందంటాడు. దాన్ని నా వాదనకి సాక్ష్యంగా వాడుకోవాలని చెయ్యి దురద పెట్టింది. ఒక్కడి చెయ్యి సాక్ష్యం కాదు.

ఆ మాటే అమ్మకి చెప్పాను: "నీ చేతికీ అతని చేతికీ అతికే విషయంలో తేడా లేదే." ఆటో అతను గోడవతల వింటున్నాడు.

అయితే డాక్టరు ఇంకో ప్రశ్న వేశాడు. నిలుచున్న ఎత్తు నుంచి పడితే చెయ్యి ఎందుకు విరగాలి? ఎముకల సాంద్రత పరీక్ష రాశాడు, రక్తం తీయించాడు. ఎముకలు గుల్లబారాయి. డి విటమిను 11 వచ్చింది, 20కి తక్కువైతే లోపం అంటారు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. అంతకు నాలుగేళ్ళ ముందే ఒక డాక్టరు అమ్మకి డి విటమిను పరీక్ష రాస్తే నేనే చీటీ చింపేశాను. పైగా మా మిత్రుల సమావేశంలో, మాడిపోయే ఎండల దేశంలో డి విటమిను లోపమేంటి, ఇది మందుల కంపెనీల నాటకం అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. దానికి నా దగ్గర ఒక్క కొలత కూడా లేదు. ఎండ ఉంది కాబట్టి లోపం ఉండదు అన్నది తర్కంలా కనిపించే నమ్మకం, అంతే.

కొలిచినవాళ్ళు ఎవరా అని వెతికితే మళ్ళీ తిరుపతే తేలింది. పుత్తూరు పొరుగే. అక్కడి స్విమ్స్‌లో ఎండోక్రినాలజీ విభాగం డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన బృందం 2004 నుంచి వరసగా పత్రాలు ప్రచురించారు. (దేవస్థానం పెట్టిన ఆస్పత్రి. నాలాంటివాడి అజ్ఞానం వదలడానికి వెంకన్న డబ్బే కావాల్సి వచ్చిందని మా మిత్రుడొకడు ఇప్పటికీ ఏడిపిస్తాడు.) 2007లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో వచ్చిన పత్రంలో 943 మంది పట్నవాసుల్నీ 205 మంది పల్లెవాసుల్నీ చూశారు. అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. పట్నంలో మగవాళ్ళలో 62 శాతం, ఆడవాళ్ళలో 75 శాతం డి విటమిను లోపంతో ఉన్నారు. పల్లెలో మగవాళ్ళలో 44, ఆడవాళ్ళలో 70.

పల్లె అంకెలు నన్ను కదలకుండా కూర్చోబెట్టాయి. పొలంలో ఎండకెండేవాళ్ళకి కూడానా? జవాబులో సగం కంచంలో ఉంది. అన్నం ఎక్కువ, పాలు పెరుగు తక్కువ. ఉన్న కాస్త కాల్షియాన్నీ గింజధాన్యాల్లోని ఫైటేట్ పట్టుకుని ఒంటికి అందనివ్వదు. కాల్షియం చాలకపోతే పారాథైరాయిడ్ హార్మోను పెరుగుతుంది, దానివల్ల నిల్వ ఉన్న డి విటమిను త్వరగా ఖర్చయిపోతుంది. ఎండ ఇచ్చినదాన్ని ఆకలి తినేస్తుంది. మనదేశంలో పెద్దవాళ్ళకి రోజుకి కావలసిన కాల్షియం అని ఐసీఎంఆర్ చెప్పే లెక్క కూడా ఒకప్పుడు 400 మిల్లీగ్రాములే, 2010లో 600, 2020లో 1000 అయింది.

మిగతా సగం ఎండలోనే ఉంది. అమ్మ రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిచేది. లేత ఎండ ఎముకలకి మంచిదని ఆమె నమ్మకం, నాదీ అదే. ఇదే బృందం 2013 పత్రంలో దీన్నీ తేల్చారు. చర్మంలో ఉండే పూర్వపదార్థాన్ని చిన్న గాజు గొట్టాల్లో పెట్టి తిరుపతి ఎండలో గంట గంటకీ ఎంత మారుతుందో కొలిచారు. బాగా తయారయ్యేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా. మనం గొడుగేసుకుని నీడకి పరిగెత్తే వేళ అది. ఉదయ సూర్యుడి మహిమ గురించి మనవాళ్ళు ఎన్ని వేల ఏళ్ళుగా చెబుతున్నారో, గాజు గొట్టం మాత్రం పట్టించుకోలేదు.

ఇక నేను తిరగబడి డి విటమిను భక్తుణ్ణి అయిపోయానా అంటే, కాబోయాను. పిన్నికీ, మేనమామకీ, ఆఫీసులో గుమాస్తాకీ 60,000 యూనిట్ల గుళికలు సిఫారసు చేసేశాను. తర్వాత సిగ్గుపడ్డాను. అమెరికాలో 25,871 మంది మీద జరిగిన వైటల్ పరిశోధన ఫలితం 2022లో వచ్చింది. రోజుకి 2000 యూనిట్లు ఏళ్ళ తరబడి వేసుకున్నా ఎముకలు విరగడం తగ్గలేదు. అంతకు ముందు ఆస్ట్రేలియాలో 70 ఏళ్ళు దాటిన 2256 మంది ఆడవాళ్ళలో సగం మందికి ఏడాదికొకసారి ఏకంగా 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. 2010లో ఫలితం చూస్తే, మందు వేసుకున్నవాళ్ళే ఎక్కువ పడ్డారు, ఎక్కువ విరగ్గొట్టుకున్నారు. వైటల్‌లో చేరినవాళ్ళకి సగటున మొదటే 30 దాకా ఉంది, అమ్మకి 11. కాబట్టి ఆ ఫలితం అమ్మకి నేరుగా వర్తించదు. కానీ పరీక్షే చేయించుకోని మేనమామకి నేను మందు చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఫోన్ చేసి మానెయ్యమన్నాను. "మొన్న వేసుకోమంది నువ్వే కదరా" అన్నాడు. అవును, నేనే.

అమ్మకి డాక్టరు మొదట డి విటమిను, కాల్షియం సరిచేశాడు. అది సరికాకుండా తర్వాతి మందు ఇస్తే రక్తంలో కాల్షియం పడిపోతుందట. ఆ తర్వాత ఏడాదికొకసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్. దాని మీద 2007లో వచ్చిన పెద్ద పరిశోధనలో మూడేళ్ళలో వెన్నుపూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గాయి. అమ్మ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే: అతికించింది నేను కాదు, రెండోసారి విరక్కుండా చూడ్డానికి లెక్కలున్నాయి. ఆమె విని, "మరి నాలుగేళ్ళ కిందట ఆ చీటీ ఎందుకు చింపావు?" అంది.

పోయిన ఏడాది ఒక రాత్రి పదింటికి ఆటో అతను తలుపు కొట్టాడు. వాళ్ళ అత్తగారు మంచం దిగుతూ పడిందట. వెళ్ళి చూస్తే ఆమె కుడి కాలు పొట్టిగా అయి, పాదం బయటికి వాలిపోయి ఉంది. నేను డాక్టర్ని కాను, కానీ అమ్మ పుణ్యాన రెండేళ్ళుగా ఇదే చదువుతున్నాను. "తుంటి విరిగినట్టుంది, కట్టుకి వద్దు" అన్నాను. అతను మొహం చిట్లించాడు. "మీ అమ్మ చేతికీ నా చేతికీ తేడా లేదని మీరే అన్నారు కదా సార్!"

అన్నాను. మణికట్టుకి నాలుగు వైపుల నుంచీ రక్తం వస్తుంది, తుంటి బంతికి దారులు తక్కువ, మెడ దగ్గర విరిగితే అవీ తెగిపోతాయి, అప్పుడు కదలకుండా ఎన్నాళ్ళు కట్టినా చాలాసార్లు అతకదు, ముసలామె మంచాన పడితే ఊపిరితిత్తులకి నెమ్ము చేరుతుంది అని నాకొచ్చిన తమిళంలో చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. అతను కాసేపు తన ముంజేయి వైపు చూసుకున్నాడు. ఆటోలో మడిచి కూర్చోబెట్టొద్దని 108కి ఫోన్ చేశాం.

నాలుగో రోజు ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకరుతో వీధి చివరి కొట్టు దాకా వెళ్ళి వస్తోంది. అతను కట్టు కట్టినాయనకి ఇప్పటికీ ఎదురుపడితే దణ్ణం పెడతాడు. నా దగ్గర మాత్రం ఆటో కిరాయి తీసుకోవడం మానేశాడు. నేను సీటు మీద పెట్టేసి దిగిపోతున్నాను.