పోను పోను

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ షాపుకి నేను రాసిచ్చిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కథ ఇది. వెనకాల ఉన్న డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. చుట్టుపక్కల ఊళ్ల మెడికల్ షాపుల వాళ్లు ఫోన్‌లోనే ఆర్డర్లు పెడతారు. ఒక మందు ఎన్ని స్ట్రిప్పులు ఎంచుకుంటే స్టాక్‌లో అన్ని తగ్గుతాయి, వద్దనుకుంటే మళ్లీ కలుస్తాయి. స్టాక్ టేబుల్లో ఉన్నవి తొమ్మిది వేల మందులే. కానీ వాటి మీద రోజుకి రెండు లక్షలకి పైగా అప్‌డేట్లు పడతాయి.

కౌంటర్లో ముప్పై ఏళ్లుగా బిల్లులు రాస్తున్న పెద్దాయన ఒకరున్నారు. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి అన్నారు: "బాబూ, మిషను పాడైతే ఒక్కసారే పాడవుద్ది. ఇది అలా లేదు. సోమవారం ఎంటర్ కొడితే బిల్లు వచ్చేసింది. శుక్రవారానికి పది స్ట్రిప్పులు లెక్కపెట్టేదాకా రావట్లేదు. పోను పోను బరువెక్కుతోంది."

"చూస్తాను బాబాయ్‌గారూ" అని సర్వర్ రీస్టార్ట్ చేశాను. కాసేపటికి బిల్లులు చకచకా రావడం మొదలైంది. అందరూ సంతోషించారు, నేనూ ఇంటికి వెళ్లిపోయాను. పది రోజులకి మళ్లీ ఫోను. మళ్లీ రీస్టార్ట్. ఇలా మూడు సార్లు జరిగింది. మధ్యలో షాపు యజమాని డబ్బుతో ర్యామ్ పెంచాను. స్టాక్ నిల్వ కాలమ్ మీద ఇండెక్స్ వేశాను. ఆ ఇండెక్స్ మేలు చేయకపోగా కీడు చేసింది. రోజంతా మారే అంకె మీద ఇండెక్స్ ఉంటే ప్రతి అప్‌డేట్‌కీ ఇండెక్స్‌లో కూడా కొత్త పద్దు రాయాల్సిందే.

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత అంకెని చెరిపి కొత్తది రాయడం కాదు. పాత వరుసని అలాగే ఉంచి, కింద కొత్త వరుస రాస్తుంది. పూర్వం స్టాక్ రిజిస్టర్లో గుమాస్తాలు అంకె కొట్టేసి దాని కింద కొత్తది వేసేవాళ్లు, అలాగన్నమాట. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు నుంచీ వస్తున్న పద్ధతి ఇది. దీనివల్ల చదివేవాళ్లు రాసేవాళ్లకి అడ్డం పడరు. నాకు ఈ పద్ధతి అంటే ఇప్పటికీ గౌరవమే. అయితే ఆ కొట్టివేతల్ని ఎవరో ఒకరు ఊడ్చి ఆ జాగా ఖాళీ చేయాలి. ఆ పని వ్యాక్యూమ్‌ది. ఆటోవ్యాక్యూమ్ మామూలుగా నిమిషానికోసారి లేచి, ఏ టేబుల్లో చెత్త ఎక్కువైందో చూసుకుని తనే ఊడుస్తుంది.

నాలుగోసారి ఫోను వచ్చినప్పుడు రీస్టార్ట్ చేయకూడదనే నిర్ణయంతో వెళ్లాను. ముందు పోస్ట్‌గ్రెస్ గణాంకాల పట్టికలో ఆటోవ్యాక్యూమ్ నడుస్తోందా లేదా అని చూశాను. స్టాక్ టేబుల్ని చివరిసారి ఊడ్చింది నిమిషం క్రితమే. ఊడ్పు బాగానే ఉందనుకుని వేరేచోట వెతకడానికి సగం రోజు పోగొట్టాను. అదే పట్టికలో, అదే వరుసలో, పక్క గడిలో ఉన్న అంకె మీద చూపు నిలపలేదు. చనిపోయిన వరుసలు ముప్పై ఒక్క లక్షలు! బతికున్నవి తొమ్మిది వేలు. రెండు ఎంబీలు ఉండాల్సిన టేబుల్ ఏడు వందల ఎంబీలు దాటింది. చీపురు తిరుగుతూనే ఉంది, చెత్త మాత్రం కదలడం లేదు.

చేత్తో వ్యాక్యూమ్ నడిపి, వివరాలు చెప్పమని అడిగాను. ఈ చనిపోయిన వరుసల్ని ఇప్పుడే తీసేయడం కుదరదు అని జవాబు. ఎందుకు కుదరదంటే, ఆ పాత అంకెల్ని చూసే హక్కున్నవాళ్లు ఎవరో ఇంకా లోపలే ఉన్నారు. తెరిచి ఉన్న కనెక్షన్ల జాబితా తీసి, ట్రాన్సాక్షన్ మొదలైన సమయాన్ని బట్టి వరుసగా పేర్చాను. అన్నిటికన్నా పైన ఒక్కటి: మొదలై పన్నెండు రోజులు. స్థితి 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్'. అంటే ఏ పనీ చేయడం లేదు, తలుపు మాత్రం వేయలేదు.

ఆ ప్రోగ్రాం నాదే. యజమాని గదిలో కంప్యూటర్ మీద కనిపించే స్టాక్ రిపోర్టు. మొత్తాలన్నీ ఒకే క్షణానివై కలవాలని దాన్ని రిపీటబుల్ రీడ్‌లో తెరిచాను. చదవడం అయ్యాక కమిట్ మాత్రం రాయలేదు. ఆయన రిపోర్టు చూసుకుని, ఆ కిటికీని కిందకి దించి, తన పనిలో పడేవారు. ఆయన తప్పేమీ లేదు. ఆ కిటికీ తెరిచి ఉన్నంతకాలం, అది తెరిచిన ఉదయం నుంచి పేరుకున్న ఒక్క చెత్త వరుసని కూడా పోస్ట్‌గ్రెస్ తీయదు. నేను రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఆ కనెక్షన్ తెగిపోయేది, ఊడ్పు జరిగేది, బిల్లులు వేగంగా వచ్చేవి. మర్నాడు ఆయన మళ్లీ రిపోర్టు తెరిచేవారు. నన్ను ఇప్పటికీ బాధించేది ఇదే. మూడు సార్లూ దోషి అక్కడే ఉన్నాడు, నా చేతులతోనే సాక్ష్యం తుడిచేసి వచ్చాను.

మిగతాదంతా చిన్న పని. రిపోర్టులో కమిట్ రాశాను. పనికిమాలిన ఆ ఇండెక్స్ తీసేశాను. ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్న కనెక్షన్ని గడువు దాటితే తెంచేసే సెట్టింగు 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచీ పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. మనం పెట్టేదాకా అది పనిచేయదు. దాన్ని పది నిమిషాలకి పెట్టాను. ఉబ్బిన టేబుల్ని కుదించే వ్యాక్యూమ్ ఫుల్ నడుస్తున్నంతసేపూ టేబుల్‌కి తాళం పడుతుంది కాబట్టి ఆదివారం రాత్రి షాపు మూశాక నడిపాను. మిగిలింది తొమ్మిది వేల వరుసలే కదా, కొన్ని సెకన్లలో అయిపోయింది.

సోమవారం పెద్దాయన దగ్గరికెళ్లి, ఆయన చెప్పిన ముక్కలోనే జవాబు ఉందని చెప్పాను. "పేరుకుంటోందని నాకు తెలుసు బాబూ, ఏంటో తెలీదు అంతే" అన్నారు. రెండు వారాల తర్వాత శుక్రవారం మళ్లీ వెళ్లాను. చేతిలో స్ట్రిప్పులు పట్టుకుని ఎంటర్ కొట్టారు. ఒక్కటి లెక్కపెట్టేలోపే బిల్లు వచ్చింది.

మీ డేటాబేస్ కూడా రోజురోజుకీ నెమ్మదిస్తోందా? రీస్టార్ట్ మీద వేలు పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్లలో అన్నిటికన్నా పాతది ఏదో చూసి, ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.