ముగ్గురు తాతలు, ఒక నాయినమ్మ

మా తాతకి కాగితాల మీద మూడు పేర్లున్నాయి. 1953లో మా నాన్నని బడిలో వేసినప్పుడు రిజిస్టర్లో తండ్రి పేరు కింద ‘గాడు’ అని రాశారు. ఓటర్ల జాబితాలో ‘డు’ అని ఉంది. బంజరు పట్టాలో ‘అయ్య’ అని ఉంది. అసలు పేరు ఒకటే. తోక మారింది. ఆ తోక మా తాత పెట్టుకున్నది కాదు. రాసే చెయ్యి ఆ రోజు మాలోడికి ఎంత మర్యాద ఇవ్వాలనుకుంటే అంత తోక తగిలించింది.

ఆ అసలు పేరు ఇక్కడ రాయను. చోడవరం చుట్టుపక్కల మాలపేటల్లో అలాంటి పేరున్న తాతలు చాలామంది. చదివేవాళ్ళు ఎవరి తాత పేరు వాళ్ళు పెట్టుకోండి. తోకలు మాత్రం మార్చక్కర్లేదు. అవి అందరికీ అవే.

తాత 1985లో పోయాడు. ఆయన పేరున ఉన్నది ఎకరా ఇరవై సెంట్ల మెట్ట. డీ పట్టా. 1976లో ఇచ్చారు. రాళ్ళేరి, తుప్పలు కొట్టి ఆ ఇద్దరే దాన్ని భూమి చేశారు. చోళ్ళు, గంటెలు పండేవి. మరుసటేడు నాయినమ్మ, నాన్న, నేను పేరు మార్పించుకోడానికి ఒక రెవిన్యూ ఆఫీసుకి వెళ్ళాం. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇంట్లో చదువొచ్చినవాణ్ణని నన్ను కూడా తీసుకెళ్ళారు.

గుమాస్తా పట్టా చూశాడు. ఓటర్ల జాబితా చూశాడు. నాన్న బడి సర్టిఫికెట్ చూశాడు. మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

“పట్టా ఉన్నది అయ్య పేరున. ఈమె డు పెళ్ళాం. ఈ అబ్బాయి గాడు కొడుకు. ముగ్గురూ వేరు వేరు మనుషులు. ఏ రుజువు మీద మార్చమంటారు?”

మా నాయినమ్మ నేల మీద గొంతుక్కూచుని ఉంది. తల పైకెత్తి అడిగింది.

“అయితే బాబూ, నాకు ముగ్గురు మొగుళ్ళేటి?”

ఆఫీసులో అందరూ నవ్వారు. నాయినమ్మ నవ్వలేదు.

నా ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ ఇద్దర్నీ కలిపే చూశాను. ఒక గిన్నెలో అంబలి, ఒక కొడవలికి ఇద్దరి చేతులు. వాళ్ళ పెళ్ళికి పేటంతా సాక్ష్యం. కానీ పేట సాక్ష్యం కాగితం కాదు. ఇద్దరు మనుషులు యాభై ఏళ్ళు కాపురం చేసి, ఆఖరికి మొగుడూ పెళ్ళాలమని రుజువు తెమ్మంటే ఎక్కడికి పోవాలి?

ఆ రాత్రి నాయినమ్మ అటక మీది నుంచి ఒక రేకుడబ్బా దించింది. అందులో మైనం గుడ్డ చుట్టిన పొట్లం. విప్పితే నాలుగు మనియార్డరు రసీదులు. అంచులు చిరిగిపోయి, తేనె రంగుకి తిరిగిపోయి ఉన్నాయి. “మీ తాత రంగం నుంచి ఎట్టుకొచ్చినాడు. ఇయ్యేటికైనా పనికొత్తాయేమో సూడు” అంది.

రంగం అంటే రంగూన్. మా వైపు ముసలాళ్ళకి బర్మా అంతా రంగమే. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో ఓడలెక్కి మన కూలీలు వేలకి వేలు పోయారు. మేస్త్రీ పేటకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ డబ్బు ఇక్కడి అప్పుకి సరిపోయేది. మనిషి అక్కడ రేవులోనో, బియ్యం మిల్లులోనో దాన్ని తీర్చాలి. 1931 లెక్కల నాటికి రంగూన్ నగర జనంలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందేడు, 1930 మేలో, తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె తెగి మనోళ్ళు తిరిగి పనిలోకొచ్చాక కొట్లాట రేగింది. పేదోడి మీదికి పేదోణ్ణి ఉసిగొలిపారు. ఎందరో తెలుగు కూలీలు చచ్చిపోయారు. ఆ సంగతి తెలిసి కూడా మా తాత 1933లో ఓడెక్కాడు. ఊళ్ళో కంబారి బతుకు కంటే ఆ చావు భయం చిన్నదిగా కనిపించి ఉంటుంది.

పెళ్ళాల్ని తీసుకెళ్ళినవాళ్ళు తక్కువ. నాయినమ్మ ఇక్కడే ఉండిపోయింది. చెరుకు నరికింది. బెల్లం వండే పొయ్యి కాడ ఎండు చెరుకు పిప్పి ఎగదోసింది. అనకాపల్లి బజారుకి పోయే ఆ బెల్లంలో తనకి దక్కింది అడుగంటిన పాకమే. “మీ తాత ఓడెక్కినపుడు నా కడుపులో గుంటడున్నాడు. మూడేళ్ళు బతికినాడు. ఆడి మొకం మీ తాత సూడలేదు” అని చెప్పింది. ఆ గుంటడు ఏ రిజిస్టర్లోనూ లేడు. పుట్టినట్టు లేదు, పోయినట్టు లేదు. వాడికి ఉన్న రికార్డు నాయినమ్మ నోరే.

రసీదులు 1935, 36లవి. బర్మా ఇంకా మన దేశంతోనే కలిసి ఉంది. 1937లో విడగొట్టారు. మనియార్డరు సంగతి తెలిసిందే కదా. డబ్బు ముట్టినవాళ్ళు సంతకమో వేలిముద్రో వేస్తే ఆ ముక్క పంపినవాళ్ళకి తిరిగిపోయేది. అంటే నాయినమ్మ వేలిముద్ర సముద్రం దాటి తాత చేతికి వెళ్ళింది. చదువు రాని మొగుడికి చదువు రాని పెళ్ళాం రాసిన జాబులు అవే.

నేను దీపం దగ్గర పెట్టి చదివాను. ఒక్కో రసీదు మీద రెండు చేతిరాతలున్నాయి. పంపినవాడి పేరు, రంగూన్ అడ్రసు ఒక చేతిరాత. రాసింది తాతతో కలిసి కూలి బారెక్కులో ఉన్న మన పేట కుర్రాడట, మిషనోళ్ళ రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాడట. అతను మా తాత పేరు చివర ‘అయ్య’ అని రాశాడు. 1936లో! మా ఊళ్ళో మాలోడి పేరు చివర అయ్య అంటే వీపు చిట్లే రోజులు. సముద్రం అవతల ఒక మాల కుర్రాడు ఇంకో మాలాయనకి మర్యాద ఇచ్చాడు. మా తాతని అయ్య అన్న మొదటి కాగితం అదే.

రెండో చేతిరాత మా ఊరిది. డబ్బు తెచ్చినవాడు పేటలోకి వచ్చేవాడు కాదు. ఊరి చావడి కాడికి రమ్మని కబురు చేసేవాడు. నాయినమ్మ కింద నిలబడి చెయ్యి చాస్తే సిరా పూసి వేలు అద్దించుకునేవారు. సాక్షిగా ఒక ఊరి పెద్ద ఆ వేలిముద్ర కింద రాసేవాడు, ‘...గాడి పెళ్ళాం నిశాని’ అని. నాయినమ్మ పేరు కూడా రాయలేదు. “అయ్యట! ఎవుడ్రా ఈ అయ్య?” అని చదివి నవ్వారట. నాయినమ్మకి ఆ నవ్వు యాభై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుంది. “నగితే నగినారు. డబ్బులు మావే కదా” అంది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఒకే కాగితం మీద ఒకడు అయ్య అన్నాడు, ఒకడు గాడు అన్నాడు, మధ్యలో నాయినమ్మ వేలు ఉంది. అయ్య, గాడు ఒక్కడేనని ఇంతకంటే రుజువేం కావాలి? మమ్మల్ని తిట్టడానికి రాసిన మాటే మా సాక్ష్యం అయింది.

ఈ కాగితాలు ఊరికే రాలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. లక్షల మంది మనవాళ్ళు బయల్దేరారు. తాత ప్రోమ్ దాకా, అక్కణ్ణుంచి కొండలు దాటి టౌంగప్ దాకా నడిచాడు. దారంతా కలరా. తర్వాత అక్యాబ్, ఓడ మీద చిట్టగాంగ్, రైల్లో కలకత్తా, వాల్తేరు. అనకాపల్లిలో దిగి చోడవరం వైపు మళ్ళీ నడక. సంపాదించిన సామాను దారిలో ఒకటొకటే ఒగ్గేశాడు. మొలలో కట్టుకున్న ఈ పొట్లం ఒగ్గలేదు. కొద్ది రోజులకే, 1942 ఏప్రిల్ 6న, విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. “నా ఎనకాలే ఒచ్చినాయి” అనేవాడట.

మర్నాడు రసీదులు పట్టుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా తిరగేసి, “ఇది పోస్టాఫీసు కాగితం. మాది కాదు” అన్నాడు. నాయినమ్మ బొటనవేలు ముందుకు చాపింది. “ఏలు నాదే గదా బాబూ. మళ్ళీ ఎట్టించుకుని సూడు.” ఎవరూ సరిచూడలేదు. సరిచూసినా ఏం కనపడేదో. చెరుకు ఆకు కోసి కోసి ఆ వేలి మీద గీతలు అరిగిపోయాయి.

చివరికి స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించాం, ఈ మూడు పేర్లు గల వ్యక్తి ఒక్కడేనని. దానికి ఇద్దరు సాక్షులు కావాలన్నారు. పేటవాళ్ళు పనికిరారన్నారు. ఊళ్ళో పెద్దమనుషుల దగ్గరికి పోయి నాన్న చేతులు కట్టుకు నిలబడ్డాడు. మా తాతని చచ్చేదాకా గాడు అని పిలిచిన నోళ్ళు, ఆయన చచ్చాక ‘అయ్య’ అని సంతకం పెట్టాయి. 1987లో భూమి నాన్న పేరు మీదికి మారింది. నాయినమ్మ పేరు చేర్చలేదు. “కొడుకున్నాడు కదా, ముసల్దానికెందుకు?” అన్నారు. 1956 వారసత్వ చట్టం కొడుకుతో పాటు భార్యకీ వాటా ఉందంటుంది. మాకది అప్పుడు తెలీదు. నాన్న కూడా అడగలేదు. ఈ తప్పు ఊరోళ్ళ మీదికే తొయ్యను. మాది కూడా. గాడు అయ్య కావడానికి మేం కొట్లాడాం. ‘గాడి పెళ్ళాం’ తన పేరుతో మనిషి కావడానికి కొట్లాడలేదు. నాయినమ్మ 1994లో పోయింది.

బడి రిజిస్టర్లో ఇంకో సంగతి ఉంది. కులం గడిలో ‘ఆది ఆంధ్ర’ అని ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ పెట్టి మనవాళ్ళు తీసుకున్న పేరది. పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఒప్పుకుంది. ముప్పై ఏళ్ళ తర్వాత మా బడి పంతులు కులం గడిలో ఆ పేరు బుద్ధిగా రాశాడు. పక్క గడిలో మనిషికి మాత్రం ‘గాడు’ తగిలించాడు. కులం పేరు ఉద్యమం మార్చింది. మనిషి పేరు దగ్గర చెయ్యి వంగలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు మీ ముసలాళ్ళ సంగతి వెతకాలనుకుంటే జనాభా లెక్కల్లో దొరకదు. అక్కడ మనం అంకెలమే. బడి అడ్మిషన్ రిజిస్టరు చూడండి. పాత ఓటర్ల జాబితాలు చూడండి. అడంగల్ చూడండి, కిరస్తానం కుటుంబాలైతే బాప్తిస్మం పుస్తకాలు చూడండి. ఒక పేరుకి నాలుగు తోకలతో వెతకండి. పేరు రాసిన చెయ్యి ఎవరిదో అడగండి. అన్నిటికంటే ముందు ఇంట్లో ముసలమ్మ పక్కన కూచోండి. ఆమె పేరు ఆమె చెప్పినట్టు రాయండి.

2022లో మా చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. భూమి రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కాయి. మొన్న తీసి చూశాను. నాన్న పేరు పక్కన తండ్రి పేరు గడిలో మా తాత ఉన్నాడు. చివర ‘అయ్య’ లేదు. ఎక్కించినవాళ్ళు మళ్ళీ ‘డు’ కొట్టారు. సవరణకి దరఖాస్తు పెట్టాను. జత చేసిన కాగితాల్లో 1936 రసీదు నకలు కూడా ఉంది. ఈసారి దరఖాస్తులో ఎవరూ అడగని ఒక వరుస నేనే చేర్చాను. అది మా నాయినమ్మ పేరు. చివర ‘అమ్మ’ పెట్టి రాశాను.